మూసీకి కళ్లెం వేసిన ఇంజనీర్: మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితం, మన ఇళ్లకు ఆయన నేర్పిన లెక్క

సెప్టెంబర్ నెల హైదరాబాద్‌కు రెండు తేదీలను గుర్తు చేస్తుంది. ఒకటి 15వ తేదీ, ఇంజనీర్స్ డే. రెండోది 28వ తేదీ. 1908లో ఆ రోజే మూసీ నది నగరం మీద పడింది. ఈ రెండు తేదీలకూ సంబంధం ఉన్న మనిషి ఒకరే. ఆయనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పేరు వినని ఇల్లు ఉండదు. స్కూల్ పుస్తకాల్లో చదివాం, ఖైరతాబాద్‌లో విగ్రహం చూశాం. మైసూర్‌లో పెద్ద డ్యామ్ కట్టారని, భారతరత్న అందుకున్నారని కూడా తెలుసు. కానీ పాతబస్తీలో, చాదర్‌ఘాట్‌లో, కార్వాన్‌లో, రాజేంద్రనగర్‌లో ఉంటున్న మన కుటుంబాలకు ఆయన ఇంకా దగ్గరివాడు. మనం ఏ ఒడ్డున ఇల్లు కట్టుకున్నామో, ఆ ఒడ్డు ఎంతవరకు సేఫ్ అనే ప్రశ్నకు మొదటిసారి లెక్క వేసి జవాబు చెప్పింది ఆయనే.

పేరులో ఉన్న తెలుగు ఊరు

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబర్ 15న పుట్టారు. కొన్ని పుస్తకాల్లో 1860 అని కూడా ఉంటుంది. పుట్టింది కర్ణాటకలోని చిక్కబళ్లాపూర్ దగ్గర ముద్దేనహళ్లి అనే చిన్న పల్లెలో. ఇంటిపేరు మాత్రం మన తెలుగు నేలది. ఆయన పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి మైసూర్ వైపు వెళ్లి స్థిరపడ్డారు. ఊరు వదిలినా పేరు వదల్లేదు.

తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. ఆస్తిపాస్తులు పెద్దగా లేవు. విశ్వేశ్వరయ్య ఇంకా స్కూల్లో చదువుతున్న వయసులోనే తండ్రి చనిపోయారు. తల్లి వెంకటలక్ష్మమ్మ చదువు ఆగనివ్వలేదు. బెంగళూరులో మేనమామ దగ్గర ఉంటూ, పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఫీజులు కట్టుకుంటూ ఆయన సెంట్రల్ కాలేజీలో చదివారు. 1881లో బీఏ పాసయ్యారు. తర్వాత మైసూర్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పూణే సైన్స్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1883లో మొదటి ర్యాంకుతో బయటికొచ్చారు.

తండ్రి లేని పిల్లాడు, ట్యూషన్ డబ్బులతో చదువు, స్కాలర్‌షిప్‌తో పై చదువు. ఈ కథ మన ఇళ్లలో కూడా చాలామందిది. అందుకే ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సి వచ్చింది.

నీళ్ల మీద పాతికేళ్లు

బొంబాయి ప్రెసిడెన్సీ పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ఇంజనీర్‌గా ఉద్యోగం వచ్చింది. నాసిక్, ధూలే ప్రాంతాల్లో మొదలుపెట్టి ఎన్నో ఊళ్లు తిరిగారు. ఎక్కడికెళ్లినా పని మాత్రం ఒక్కటే, నీళ్లు. నీళ్లు లేనిచోట తేవడం, ఎక్కువైనచోట ఆపడం, మురికి నీటిని బయటికి పంపడం.

సింధ్ ప్రాంతంలోని సుక్కూర్‌లో తాగునీటి పథకం ఆయన చేతికి వచ్చింది. సింధు నది పక్కనే ఉన్నా, ఆ నీళ్లలో బురద ఎక్కువ. ఫిల్టర్లు కట్టడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదు. నది ఇసుకలోనే బావి తవ్వి, ఇసుక పొరల గుండా వడకట్టిన నీళ్లను ఊరికి ఎక్కించే ఏర్పాటు చేశారు. ఉన్న ఇసుకనే ఫిల్టర్‌గా వాడుకున్నారన్నమాట.

పూణే దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌లో ఆయన చేసిన పని ఇంకా పేరు తెచ్చింది. ప్రతి ఏడాదీ వర్షాకాలంలో నీళ్లు పైనుంచి పొర్లి వృథాగా పోయేవి. డ్యామ్ ఎత్తు పెంచితే ఖర్చు ఎక్కువ, పాత కట్ట తట్టుకుంటుందో లేదో తెలీదు. ఆయన తూకం మీద పనిచేసే గేట్లు తయారుచేశారు. నీళ్లు ఒక మట్టం దాటితే గేట్లు వాటంతటవే లేస్తాయి. మట్టం తగ్గగానే మూసుకుంటాయి. మనిషి నిద్రపోయినా గేటు నిద్రపోదు. 1903లో బిగించిన ఈ గేట్లతో కట్ట ఎత్తు పెంచకుండానే నిల్వ పెరిగింది. ఈ డిజైన్‌కు పేటెంట్ కూడా తీసుకున్నారు. తర్వాత గ్వాలియర్‌లోని టిగ్రా డ్యామ్‌కు, మైసూర్‌లోని కృష్ణరాజ సాగర్‌కు ఇలాంటి గేట్లే వచ్చాయి.

1906లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను ఎర్ర సముద్రం మొదట్లో ఉన్న ఏడెన్‌కు పంపింది. హజ్‌కు ఓడల్లో వెళ్లే రోజుల్లో మన పెద్దలు దాటుకుంటూ పోయిన ఏడెన్ అదే. అక్కడ మంచినీళ్లకు కరువు, మురుగుకు దారి లేదు. రెండింటికీ ఆయన ప్లాన్ ఇచ్చి వచ్చారు.

ఇంత పని చేసినా బొంబాయి ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీర్ కుర్చీ ఆ రోజుల్లో దేశీయుడికి దక్కడం కష్టం. ఆయన ఉద్యోగానికి ముందుగానే సెలవు చెప్పి, 1908లో యూరప్ పర్యటనకు వెళ్లారు. హైదరాబాద్ నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు అందింది అక్కడే.

1908 సెప్టెంబర్ 28

ఆ పిలుపు వెనుక ఉన్న కథ హైదరాబాద్‌లో ఇప్పటికీ తుగ్యానీ పేరుతో చెప్పుకుంటారు. ఉర్దూలో తుగ్యానీ అంటే ఉప్పొంగడం, హద్దు దాటడం.

బంగాళాఖాతంలో పుట్టిన తుపాను గాలివాన భూమి మీదికి వచ్చి హైదరాబాద్ చుట్టూ తిష్ట వేసింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వర్షం, అంటే దాదాపు 325 మిల్లీమీటర్లు. తుపాను అంటే సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకే అని మనం అనుకుంటాం. హైదరాబాద్ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం. అయినా నగరాన్ని ముంచింది తుపానే.

మూసీ అనంతగిరి కొండల దగ్గర పుట్టి వస్తుంది. ఈసీ దానికి తోడవుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ నదిలో మోకాలి లోతు నీళ్లు కూడా ఉండేవి కావు. అందుకే నగరం నదికి భయపడలేదు. ఒడ్డు చివరిదాకా ఇళ్లు, దుకాణాలు, మట్టి గోడల గుడిసెలు వచ్చేశాయి. కోల్సావాడీ, ఘాన్సీ బజార్, అఫ్జల్‌గంజ్ అన్నీ జనంతో కిటకిటలాడేవి.

28న ఉదయం నీళ్లు గంట గంటకూ ఎక్కాయి. అఫ్జల్ పుల్, ముసల్లం జంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్ దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల కాలంలో 1578లో కట్టిన పురానా పుల్ మాత్రం నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి రోగులతో సహా నీళ్లలో చిక్కుకుంది. ఆ ఆవరణలోని చింతచెట్టు మీదికి ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఉస్మానియా ఆస్పత్రి వెనుక ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నగరం దాన్ని ప్రాణదాతగా గౌరవిస్తుంది.

ఎంతమంది చనిపోయారనే లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఎక్కువగా చెప్పేది 15,000. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు సుమారు 80,000. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన ప్యాలెస్‌ల తలుపులు బాధితులకు తెరిచారు, వంటశాలలు నడిపించారు. జనం ఆయనను మహబూబ్ పాషా అని ప్రేమగా తలుచుకోవడానికి ఇదీ ఒక కారణం.

కానీ అన్నం పెట్టడం ఒక పని. మళ్లీ ఇలా జరగకుండా చూడటం ఇంకో పని. ఆ రెండో పనికే విశ్వేశ్వరయ్యను పిలిచారు.

నది మీద కాదు, లెక్క మీద కూర్చున్నారు

ఆయన యూరప్, అమెరికా పర్యటన పూర్తిచేసుకుని 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరారు. ప్రభుత్వం మూడు పనులు అడిగింది. నగరాన్ని మళ్లీ నిలబెట్టడంలో సలహా, భవిష్యత్తులో వరద రాకుండా ప్లాన్, నగరానికి పూర్తి డ్రైనేజీ పథకం.

వెంటనే గోడలు కట్టడం మొదలుపెట్టలేదు. ముందు ఎంత వాన పడింది, ఎంత నీళ్లు వచ్చాయి, ఎక్కడి నుంచి వచ్చాయి అని వెతికారు. సమస్య ఏమిటంటే, హైదరాబాద్ చుట్టుపక్కల వాన కొలతల రికార్డులు చాలా తక్కువ. ఇతర ప్రాంతాల వాన లెక్కలు తెప్పించి, వాటితో పోల్చి చూశారు. నది పరీవాహక ప్రాంతమంతా సర్వే చేయించారు.

అప్పుడు బయటపడిన విషయం చెరువులది. మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి. అన్నీ గొలుసుకట్టు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్లు వస్తాయి. మామూలు రోజుల్లో ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారి కింది చెరువు మీద పడతాయి. అది కూడా తెగుతుంది. అలా ఆ తుపానులో 221 చెరువులు తెగాయి. వాన నీళ్లకు తోడు చెరువుల నీళ్లు కూడా కలిసి నగరం మీదికి వచ్చాయి.

1909 అక్టోబర్ 1న ఆయన రిపోర్ట్ ఇచ్చారు. అందులోని ముఖ్యమైన మాట అర్థం చేసుకోవడం చాలా తేలిక. నగరం లోపల ఎంత పెద్ద గోడ కట్టినా ఇంత వరద ఆగదు. వరదను నగరానికి రాకముందే, పైన ఆపాలి. మూసీ మీద ఒక రిజర్వాయర్, ఈసీ మీద ఒక రిజర్వాయర్ కట్టాలి. పెద్ద వాన వచ్చినప్పుడు అవి నీళ్లను పట్టుకుని, నగరంలోని నది మోయగలిగినంతే మెల్లగా కిందికి వదలాలి. దానితో పాటు నగరంలో నది ఒడ్డులను ఎత్తు చేయాలి, ఒడ్డు వెంబడి మనుషులు నడిచే దారులు, చెట్లు, తోటలు ఉండాలి. అంటే నది పక్కన ఉండాల్సింది తోట, ఇల్లు కాదు.

రిపోర్ట్ ఇచ్చాక ఆయన ఎక్కువ రోజులు ఉండలేదు. మైసూర్ సంస్థానం చీఫ్ ఇంజనీర్‌గా పిలవడంతో 1909 చివర్లో వెళ్లిపోయారు. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. ఆయన కొడుకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ ప్లాన్‌ను పక్కన పెట్టలేదు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గండిపేట దగ్గర మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నది ఒడ్డున గోడలు లేచాయి. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి లాంటి భవనాలు ఒడ్డు మీద ఎత్తైన చోట వచ్చాయి.

ఈ పనుల్లో హైదరాబాద్ సొంత ఇంజనీర్లు కూడా ఎదిగారు. వాళ్లలో పెద్ద పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. మంజీరా మీద నిజాం సాగర్ ఆయన చేతి పని. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ తన ఇంజనీర్స్ డేగా జరుపుకుంటోంది. విశ్వేశ్వరయ్యా, అలీ నవాజ్ జంగా అని పోటీ పెట్టాల్సిన పని లేదు. ఒకరు బయటి నుంచి వచ్చి దారి చూపారు, ఇంకొకరు ఇక్కడే ఉండి రాష్ట్రమంతా నీళ్లు పారించారు.

ఖాళీ జాగా విలువ

నేను చదివింది కామర్స్. డ్యామ్ లెక్కలు నాకు ఇంజనీర్లంత తెలీవు. కానీ విశ్వేశ్వరయ్య ప్లాన్‌లో ఒక విషయం కామర్స్ చదివినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అది ఇన్సూరెన్స్.

ఉస్మాన్ సాగర్ నిల్వ 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్ నిల్వ 2.97 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,832 కోట్ల లీటర్లు. ఈ రెండు చెరువులకూ రెండు పనులు. ఒకటి తాగునీళ్లు ఇవ్వడం, రెండోది వరద ఆపడం. తాగునీళ్ల కోసం అయితే చెరువు నిండుగా ఉండాలి. వరద ఆపడానికి అయితే చెరువులో ఖాళీ ఉండాలి. వాన రాకముందు ఆ ఖాళీ జాగాను చూస్తే వృథా అనిపిస్తుంది. అదే ప్రీమియం. ప్రతి ఏడాదీ కడతాం, చాలా ఏళ్లు ఏమీ తిరిగి రాదు. ఒక్క రాత్రి మాత్రం అదే ప్రాణం కాపాడుతుంది.

నది ఒడ్డున వదిలిపెట్టే జాగా కూడా అంతే. చెరువు శిఖం భూమి వేసవిలో ఎండిపోయి, చదునుగా, ప్లాట్లు వేసుకోవడానికి రెడీగా కనిపిస్తుంది. నాలా పక్కన జాగా ఉత్తగా పడి ఉన్నట్టు ఉంటుంది. అది ఉత్తది కాదు. నీళ్ల కోసం రిజర్వ్ చేసిన సీటు. వచ్చే ప్యాసింజర్ పదేళ్లకోసారి వస్తాడు, కానీ వచ్చినప్పుడు సీటు ఖాళీ చేయక తప్పదు.

విశ్వేశ్వరయ్య తర్వాత మనం ఆ సీట్లలో కూర్చున్నాం. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబర్‌లో మళ్లీ బంగాళాఖాతం వాయుగుండమే వచ్చింది. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. గగన్‌పహాడ్ వైపు చెరువు కట్టలు తెగాయి. గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ లాంటి బస్తీల్లోకి నీళ్లొచ్చాయి. అల్ జుబైల్ కాలనీలో జనం రోజుల తరబడి పై అంతస్తుల్లో ఉండిపోయారు. 1908 వరద గురించి ఆయన రిపోర్ట్‌లో రాసిన గొలుసుకట్టు కథే, 112 ఏళ్ల తర్వాత మళ్లీ కళ్ల ముందు జరిగింది.

అక్కడ ఇళ్లు కొన్నవాళ్లు ఎవరు? గల్ఫ్‌లో పదేళ్లు, పదిహేనేళ్లు కష్టపడి పంపిన డబ్బుతో కొన్నవాళ్లు. చిట్టీలు ఎత్తి, నగలు అమ్మి కొన్నవాళ్లు. వాళ్లది దురాశ కాదు, స్థోమత. నగరంలో ఎత్తైన జాగా ఖరీదు, పల్లపు జాగా చవక. చవక ఎందుకో అమ్మినవాడు చెప్పలేదు. నోటరీ కాగితం మీద కొన్న ఇంటికి రేపు నష్టపరిహారం అడగాలన్నా కష్టమే. 2024లో మూసీ ఒడ్డున ఇళ్లకు మార్కింగ్ మొదలైనప్పుడు మూసానగర్, శంకర్‌నగర్ లాంటి చోట్ల కుటుంబాలు పడిన ఆందోళన మనందరం చూశాం. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు దొరికినా, పిల్లల స్కూల్, ఆడవాళ్ల ఇంటి పనులు, మగవాళ్ల అడ్డాలు పాత చోటే ఉండిపోతాయి. నదికి జాగా కావాలి అనేది నిజం. ఆ జాగాకు మూల్యం పేదవాడు ఒక్కడే కట్టకూడదు అనేది కూడా అంతే నిజం.

1996లో వచ్చిన జీవో 111 ఈ జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు తీసేస్తూ ఇంకో జీవో ఇచ్చింది. జలాశయాల పైన ఎంత కాంక్రీట్ పెరిగితే, వాన నీళ్లు భూమిలోకి ఇంకకుండా అంత తొందరగా కిందికి వస్తాయి. విశ్వేశ్వరయ్య వేసిన లెక్క పొలాలు, చెరువులు ఉన్న నేలకు వేసింది. నేల మారితే లెక్క కూడా మళ్లీ వేయాలి.

మైసూర్ దివాన్, ఒక విభేదం

హైదరాబాద్ నుంచి వెళ్లాక ఆయన జీవితం మైసూర్‌తో ముడిపడింది. కావేరి మీద కృష్ణరాజ సాగర్ పని 1911లో మొదలైంది. 1912లో దివాన్ అయ్యారు. అంటే సంస్థానానికి ప్రధానమంత్రి లాంటి పదవి. ఆయన కాలంలో మైసూర్ యూనివర్సిటీ, మైసూర్ బ్యాంక్, భద్రావతి ఇనుము కర్మాగారానికి పునాదులు పడ్డాయి. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

గొప్పవాళ్ల జీవితం రాసేటప్పుడు గొప్పలే రాస్తే సగం కథే అవుతుంది. మైసూర్ ఉద్యోగాల్లో బ్రాహ్మణులే ఎక్కువగా ఉన్నారని, ముస్లింలతో సహా వెనుకబడినవాళ్లకు వాటా కావాలని అప్పట్లో డిమాండ్ లేచింది. మహారాజా దీని కోసం 1918లో మిల్లర్ కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్య దీన్ని ఒప్పుకోలేదు. ఉద్యోగం ప్రతిభ మీదే ఉండాలని ఆయన వాదన. ఆ విభేదంతోనే దివాన్ పదవి వదిలేశారు. పేదరికంలో స్కాలర్‌షిప్‌తో పైకి వచ్చిన మనిషికి, పుట్టుకతోనే తలుపు మూసుకుపోయినవాళ్ల బాధ పూర్తిగా కనబడలేదని ఈ రోజు మనకు అనిపించవచ్చు. డ్యామ్ కింద మునిగిన ఊళ్లవాళ్ల కష్టం కూడా ఆ కాలం లెక్కల్లో చిన్నగానే ఉండేది. ఈ రెండూ ఆయన కథలో భాగమే.

మళ్లీ హైదరాబాద్, చివరి ఏళ్లు

హైదరాబాద్‌ను ఆయన మర్చిపోలేదు. 1920ల్లో డ్రైనేజీ, నగర అభివృద్ధి పనుల మీద సలహాకు మళ్లీ వచ్చారు. నగరంలో మురుగు నీళ్లు ఒక దారి, వాన నీళ్లు ఇంకో దారి వెళ్లాలన్న ఆలోచన మన నగరానికి ఆ రోజుల్లోనే వచ్చింది. ఇప్పుడు నాలాల్లో రెండూ కలిసి ప్రవహిస్తుంటే ఆ ఆలోచన విలువ తెలుస్తుంది.

1930ల్లో ఒడిశాను మహానది వరదలు ముంచినప్పుడు కూడా పెద్ద వయసులో ఆయన ఆ సమస్య చూశారు. మహానది మీద రిజర్వాయర్లు కట్టే విషయం పరిశీలించాలన్నారు. తర్వాత హీరాకుడ్ డ్యామ్ వచ్చింది. తొంభై దాటాక కూడా బీహార్‌లో గంగ మీద మొకామా వంతెన స్థలం విషయంలో సలహా ఇచ్చారు. 1934లో దేశ ఆర్థిక ప్రణాళిక మీద, 1951లో తన ఉద్యోగ జీవితం మీద పుస్తకాలు రాశారు.

1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. పుట్టిన ముద్దేనహళ్లిలోనే ఆయన సమాధి స్థలం ఉంది. ఆయన పుట్టినరోజును దేశం ఇంజనీర్స్ డేగా జరుపుకుంటోంది.

మన ఇంటికి ఈ కథలో ఏముంది

విశ్వేశ్వరయ్య చేసిన మొదటి పని కొలవడం. మన కుటుంబాలు కూడా ఇల్లు కొనేముందు అదే చేయాలి. ప్లాట్ ధర అడిగేముందు, 2000లో, 2020లో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయని పక్కింటివాళ్లను అడగండి. గోడల మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూడండి. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో పెట్టింది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే గీత. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్ వదలాలి. మున్సిపల్ పరిధిలో నదికి 50 మీటర్లు. ఈ నంబర్లు బ్రోకర్ చెప్పడు. మీరే అడగాలి.

ఇప్పటికే అలాంటి చోట ఉంటున్నవాళ్లు భయపడి ఒక్కరోజులో ఎక్కడికీ వెళ్లలేరు. కానీ కొన్ని పనులు చేయొచ్చు. ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు పై అంతస్తులో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి. వాటి ఫోటోలు వేరే ఊళ్లో ఉన్న బంధువు ఫోన్‌లో కూడా ఉంచాలి. కరెంట్ మీటర్, ఇన్వర్టర్ నేల మీద కాకుండా ఎత్తులో పెట్టించాలి. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే, ఇది కోస్తావాళ్ల వార్త అని టీవీ మార్చకండి. 1908లోనూ, 2020లోనూ మన దాకా వచ్చింది అదే.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పాలి. 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా ఇంటి పాలసీ ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. అందులో అగ్నిప్రమాదం, భూకంపంతో పాటు తుపాను, వరద, నీళ్లు ముంచడం కూడా ఉంటాయి. ఇంట్లో సామాన్లకు కూడా ఒక పరిమితి వరకు కవర్ ఉంటుంది. చాలామంది బైక్‌కు పాలసీ తీసుకుంటారు, ముప్పై లక్షల ఇంటికి తీసుకోరు. మామూలు ఇన్సూరెన్స్ విషయంలో మన ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి, అది నేను తేల్చే మాట కాదు. మీరు నమ్మే ఆలిమ్ సాబ్‌ను అడిగి నిర్ణయించుకోండి. పాలసీ వద్దనుకుంటే, బస్తీవాళ్లందరూ కలిసి నెలకు ఇంత అని వరద నిధి వేసుకోవచ్చు. తవక్కుల్ అంటే ఒంటెను కట్టకుండా వదిలేయడం కాదని మన పెద్దలు చెబుతూనే ఉంటారు.

విశ్వేశ్వరయ్య హైదరాబాద్‌లో ఉన్నది కొద్ది నెలలే. ఆ కొద్ది నెలల్లో ఆయన చేసింది ఒక్కటే, నదికి ఎంత జాగా కావాలో లెక్క తేల్చడం. ఆ లెక్క రిపోర్ట్‌లోనే ఆగిపోకుండా రెండు చెరువులుగా మారింది కాబట్టి నగరం ఇన్నేళ్లు నిలబడింది. ఇప్పుడు ఆ జాగాను ప్రభుత్వం ఎంత కాపాడుతుందో, బిల్డర్ ఎంత ఆక్రమిస్తాడో మనం ఒక్కళ్లం ఆపలేకపోవచ్చు. కానీ మన డబ్బు ఎక్కడ పెడుతున్నామో మాత్రం మన చేతిలోనే ఉంది. ఈసారి ఇంట్లో ప్లాట్ మాట వస్తే, ధర కంటే ముందు నీళ్ల మాట ఎత్తండి.